గొంతు క్యాన్సర్ చికిత్స: విశాఖలో రోగికీ, తోడుండేవారికీ ఒక సమగ్ర మార్గదర్శి

మా నాన్నగారికి స్వరపేటిక క్యాన్సర్ అని తేలిన నాటి నుంచి ఏడు వారాల రేడియేషన్ పూర్తయ్యే వరకు మా ఇంట్లో అందరమూ ఆఖరి తేదీ కోసమే ఎదురుచూశాము. ఆ తేదీ వచ్చింది, చికిత్స ముగిసింది, బంధువులు ఫోన్లు చేసి సంతోషించారు. సరిగ్గా ఆ మరుసటి వారంలోనే ఆయన మంచినీళ్లు కూడా మింగలేని స్థితికి వచ్చారు. రేడియేషన్ ఆగిన తరువాత కూడా ఒకటి రెండు వారాల పాటు దాని బాధ పెరుగుతూనే ఉంటుందని, ఆ పైన గాని తగ్గుముఖం పట్టదని మాకు అప్పటికి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మా భయం సగమైనా తగ్గేది.

ఈ మార్గదర్శిని అందుకోసమే రాస్తున్నాను. మందులు, మోతాదులు నిర్ణయించేది వైద్యులే. వారిని ఏమేమి అడగాలో, ఇంట్లో ఏమేమి సిద్ధం చేసుకోవాలో మాత్రమే ఇక్కడ ఉంటుంది. ఈ చికిత్సలో దాదాపు ప్రతి జాగ్రత్తనూ అవసరం పడకముందే మొదలుపెట్టాలి. పళ్ల వైద్యం, మింగే వ్యాయామం, పుక్కిలింపు, బరువు కాపాడుకోవడం, వీటిలో ఏదీ బాధ ముదిరాక మొదలుపెడితే అంతగా ఫలించదు.

మొదటి అంచె: ఏ చోట, ఎంతవరకు, ఎక్కడ చికిత్స

మనం గొంతు అనే మాటతో చెప్పేదంతా వైద్యులకు ఒకటే కాదు. స్వరపేటిక వేరు, నాలుక మొదలు, టాన్సిల్ ఉండే భాగం వేరు, అన్నవాహిక మొదలయ్యే కింది గొంతు వేరు. ముక్క పరీక్ష, స్కానింగ్ ఫలితాలు వచ్చాక క్యాన్సర్ ఏ భాగంలో ఉంది, ఎన్నో దశలో ఉంది, మెడ గడ్డలకు పాకిందా అని స్పష్టంగా అడిగి నోటు పుస్తకంలో రాసుకోవాలి. తొలి దశలోని స్వరపేటిక క్యాన్సర్‌కు రేడియేషన్ ఒక్కటే గాని, లేజర్ శస్త్రచికిత్స ఒక్కటే గాని చాలవచ్చు. ముదిరిన దశలో రేడియేషన్‌తో పాటు కీమో ఇవ్వడమో, స్వరపేటికను తీసివేసి తరువాత రేడియేషన్ ఇవ్వడమో జరుగుతుంది. రెండు దారులూ ఉన్నప్పుడు మాట ఎంతవరకు మిగులుతుంది, మింగడం ఎలా ఉంటుంది అనే రెండు ప్రశ్నలను రోగి ఎదుటే అడగండి. రోగికి తెలియకుండా దాచాలని మా చిన్నాన్న పట్టుబట్టారు గాని, ఏడు వారాల పాటు రోజూ కష్టపడి మింగవలసిన మనిషికి ఎందుకు మింగుతున్నాడో తెలియకపోవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

రేడియేషన్ సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 6 నుంచి 7 వారాలు, అంటే 30 నుంచి 35 సార్లు ఉంటుంది. మన వైపు దీనినే కరెంటు పెట్టడం అంటారు. మధ్యలో రోజులు పోతే క్యాన్సర్ కణాలు తిరిగి పుంజుకుంటాయి కాబట్టి, పండుగ వచ్చిందనో, ఇంట్లో పెళ్లి ఉందనో ఒక్క పూట కూడా మానకూడదు. అందువల్ల ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు పేరుతో పాటు రోజూ వెళ్లి రాగల దూరాన్ని కూడా చూసుకోవాలి. విశాఖలో అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో క్యాన్సర్ విభాగం ఉంది, ఎంవీపీ కాలనీలో మహాత్మా గాంధీ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఇవి గాక ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి గాని, పాడేరు నుంచి గాని రోజూ బస్సులో వచ్చిపోదామనుకోవడం మూడో వారానికే అసాధ్యమవుతుంది. ఆసుపత్రి దగ్గరలో వంటకు వీలున్న గదిని ముందే మాట్లాడుకోవాలి.

చికిత్స రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద వస్తుందో లేదో, ఏ పరీక్షలకు చేతి డబ్బు పెట్టుకోవాలో మొదటి రోజే ఆసుపత్రిలోని పథకం కౌంటరులో కనుక్కోండి. చికిత్సకు, తదుపరి పరీక్షలకు ప్రయాణించే క్యాన్సర్ రోగికి రైల్వే స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో పూర్తి రాయితీ, తోడు వచ్చేవారికి 75 శాతం రాయితీ ఇస్తుంది. దానికి ఆసుపత్రి నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం కావాలి. అడిగితే గాని ఇవ్వరు, కనుక అడగండి.

రెండో అంచె: పళ్లు

రేడియేషన్ మొదలుకాకముందే పళ్ల డాక్టరుకు చూపించాలి. కారణం ఇది. రేడియేషన్ తగిలిన దవడ ఎముకకు రక్తప్రసరణ తగ్గిపోతుంది. ఆ తరువాత ఎప్పుడైనా, అది ఐదేళ్లకైనా సరే, పన్ను పీకిస్తే ఆ గాయం మానక ఎముకే పాడైపోయే ప్రమాదం ఉంటుంది. అందుచేత నిలవలేని పళ్లను ముందే తీయించి, గాయం మానడానికి రెండు వారాల వ్యవధి ఇచ్చి అప్పుడు రేడియేషన్ మొదలుపెడతారు. లాలాజలం తగ్గడం వల్ల పళ్లు త్వరగా పుచ్చుతాయి కాబట్టి ఫ్లోరైడ్ జెల్ గాని, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న పేస్టు గాని రాసిమ్మని అడగాలి. వేపపుల్ల, బొగ్గుపొడి, ఉప్పుతో తోమడం ఇక మానాలి. మెత్తని కుచ్చుల బ్రష్ ఒక్కటే వాడాలి.

మూడో అంచె: పొగ, ఖైనీ, మద్యం

ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకొని చుట్ట కాల్చే అలవాటు, అంటే అడ్డపొగ, ఇప్పటికీ మన పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో ఉంది. క్యాన్సర్ వచ్చేసింది కదా, ఇక మానితే ఏం లాభం అని వారు అడుగుతారు. లాభం ఉంది. పొగ తాగుతూ రేడియేషన్ తీసుకుంటే అది సరిగా పనిచేయదు, నోటిపూత ఎక్కువవుతుంది, గాయాలు మానవు, మరో చోట మరో క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. మానడానికి జాతీయ సహాయ సంఖ్య 1800-11-2356 ఉంది, అక్కడ ఉచితంగా మాట్లాడతారు. తోడుండేవారు కూడా ఇంట్లో కాల్చడం మానకపోతే రోగిని మానమనడంలో అర్థం లేదు.

నాలుగో అంచె: మాస్క్, మొదటి రెండు వారాలు

రేడియేషన్‌కు ముందు ముఖం, మెడ కదలకుండా వేడినీటిలో మెత్తబరచిన ప్లాస్టిక్ జాలీతో మాస్క్ తయారు చేస్తారు. ప్రతిరోజూ దానిని తొడిగి బల్లకు బిగిస్తారు. లోపల ఊపిరి ఆడుతుంది, నొప్పి ఉండదు, బల్ల మీద ఉండేది కొన్ని నిమిషాలే. అయినా కొందరికి విపరీతమైన కంగారు పుడుతుంది. అలాంటప్పుడు సిగ్గుపడకుండా ముందే చెప్పాలి, అవసరమైతే మందు ఇస్తారు. మొదటి రెండు వారాలు పెద్ద బాధ ఉండదు. ఆ రోజుల్లోనే బాగా తిని బరువు నిలుపుకోవాలి, తరువాతి అంచెల్లో చెప్పినవన్నీ అలవాటు చేసుకోవాలి.

ఐదో అంచె: నోరు, చర్మం, నొప్పి

రెండు మూడు వారాలకు నోరు, గొంతు లోపలి పొర ఎర్రబడి పూస్తుంది. ఉమ్మి జిగురుగా, తీగలు సాగుతుంది, రుచి పోతుంది. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక టీ చెంచా ఉప్పు, ఒక టీ చెంచా వంటసోడా కలిపి, మొదటి రోజు నుంచే, మెలకువగా ఉన్నంతసేపూ రెండు మూడు గంటలకొకసారి, తిన్న ప్రతిసారీ మెల్లగా పుక్కిలించి ఉమ్మేయాలి. ఆ నీటిని రోజూ కొత్తగా కలుపుకోవాలి. దుకాణంలో దొరికే మంటపుట్టే మౌత్‌వాష్‌లలో ఆల్కహాల్ ఉంటుంది, వాటిని వాడకూడదు. నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల వంటి తెల్లని మచ్చలు కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. దానికి మందు ఉంది, డాక్టరుకు చూపించాలి.

నొప్పి మందుల విషయంలో మన ఇళ్లలో ఒక మంకుపట్టు ఉంటుంది: ఓర్చుకోగలిగినంత ఓర్చుకొని, ఆపై మాత్ర వేసుకోవడం. ఇక్కడ అది పనికిరాదు. నొప్పి ఉంటే మింగరు, మింగకపోతే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే చికిత్స ఆగుతుంది. అందుకే చెప్పిన వేళకు చెప్పినంత మందు వేయాలి, భోజనానికి అరగంట ముందు పడేలా సర్దుకోవాలి. మార్ఫిన్ రాస్తే చివరి దశ అని భయపడనవసరం లేదు. నోటిపూత మానాక దానిని డాక్టర్లే క్రమంగా తగ్గించి ఆపేస్తారు. అయితే మార్ఫిన్ వల్ల మలబద్ధకం దాదాపు తప్పదు కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందును దానితో పాటే మొదలుపెట్టాలి. గొంతును మొద్దుబార్చే జెల్ ఇచ్చినప్పుడు వేడి తెలియదు, పొలమారడమూ తెలియదు, కనుక గోరువెచ్చని ఆహారమే, కొంచెం కొంచెంగానే ఇవ్వాలి.

మెడ మీద చర్మం నల్లబడి, తరువాత పొరలుగా ఊడుతుంది. విశాఖ ఉక్కపోతలో చెమట మెడ ముడతల్లో నిలిచి మంట రెట్టింపవుతుంది. కాలరు లేని మెత్తని నూలు చొక్కా వేయాలి, చల్లని నీటితో కడిగి అద్ది తుడవాలి, రుద్దకూడదు. పసుపు, గంధం, కొబ్బరినూనె, బామ్ వంటివి డాక్టరును అడగకుండా రాయకూడదు. బ్లేడుతో గడ్డం గీయకూడదు. సాయంత్రం బీచ్ రోడ్డులో నడవవచ్చు గాని మధ్యాహ్నపు ఎండ మెడకు తగలకూడదు.

ఆరో అంచె: తిండి, బరువు

మా ఇంట్లో అసలు పోరాటమంతా వంటింట్లోనే జరిగింది. ఇంటికి ఒక తూకం యంత్రం కొని, వారానికి ఒకే రోజున, ఒకే వేళకు, ఒకే రకం బట్టలతో తూచి రాయండి. బరువు తగ్గితే మాస్క్ వదులవుతుంది, మాస్క్ వదులైతే కిరణాలు పడే చోటు తప్పవచ్చు, అప్పుడు స్కాన్ తీసి మళ్లీ ప్రణాళిక వేయవలసి వస్తుంది. 60 కిలోల మనిషికి ఈ రోజుల్లో సుమారు 1,800 నుంచి 2,100 కేలరీలు, 70 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో 6 గ్రాములు, పావు లీటరు పాలలో 8 గ్రాములు ఉంటాయి. లెక్క వేసుకుంటే ఉత్త గంజి, కొబ్బరినీళ్లు, పళ్లరసాలతో మనిషి ఎందుకు చిక్కిపోతాడో అర్థమవుతుంది. పలుచగా ఉన్నదంతా బలమైన ఆహారం కాదు.

మాకు పనికి వచ్చినవి చెబుతాను. చోడి (రాగి) అంబలిని నీళ్లతో కాక పాలతో కాచి, బాదం పొడి, నెయ్యి కలిపి ఇచ్చేవాళ్లం. పెసరపప్పును బాగా ఉడికించి జల్లెడ పట్టి, అందులో మెత్తని అన్నం, నెయ్యి వేసి మిక్సీలో తిప్పేవాళ్లం. మెత్తగా ఉడికిన గుడ్డును పాలలో కలిపితే వాసన పడలేదు గాని, జావలో కలిపితే తాగారు. ఇడ్లీని పాలలో నానబెట్టి చిదిపితే నాలుగో వారం వరకు వెళ్లింది. పెరుగన్నం మంచిదే గాని పుల్లబడిన పెరుగు మండుతుంది. ఆవకాయ, మిరియాల చారు, చింతపండు పులుసు, నిమ్మ, కరకరలాడే వేపుళ్లు పూర్తిగా పక్కన పెట్టాలి. మూడు పూటల భోజనం అనే మాట మరచిపోయి, రెండు గంటలకొకసారి గ్లాసుడు చొప్పున రోజుకు ఏడెనిమిది సార్లు ఇవ్వాలి. షుగరు ఉన్నవారు పళ్లరసం, బెల్లం విషయంలో డాక్టరును అడగాలి. కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ వల్ల ఆ రోజుల్లో షుగరు పెరుగుతుంది.

తినమని బతిమాలడం, తినలేదని కోపగించడం రెండూ రోగిని నలిపేస్తాయి. మా అమ్మ గిన్నె పట్టుకొని కన్నీళ్లు పెట్టుకుంటే నాన్నగారు ఆమె కోసం మింగి, వెంటనే కక్కేవారు. ఆ తరువాత మేము గంట కొట్టినట్టుగా వేళకు గ్లాసు పెట్టి పక్కకు వెళ్లిపోవడం, మిగిలింది కొలిచి రాసుకోవడం అలవాటు చేసుకున్నాము. అప్పటి నుంచి ఆయన ఎక్కువ తాగారు.

ఏడో అంచె: మింగడం, దవడ

వాడని కండరం బిగుసుకుపోతుంది. ఆహారం పోయడానికి ట్యూబ్ వేసినా సరే, డాక్టరు వద్దనకపోతే రోజుకు కొన్ని గుటకలైనా నోటితో మింగుతూ ఉండాలి. స్పీచ్ థెరపిస్ట్‌ను రేడియేషన్‌కు ముందే కలిసి వ్యాయామాలు నేర్చుకోండి: గొంతంతా బిగించి గట్టిగా మింగడం, నాలుక కొనను పళ్ల మధ్య పట్టి ఉత్త గుటక వేయడం వంటివి. దవడ కోసం, తన మూడు వేళ్లను నిలువుగా పేర్చి నోట్లో పట్టించగలుగుతున్నారో లేదో వారానికొకసారి చూసుకోవాలి. మూడు పట్టే చోట రెండే పడితే దవడ బిగుస్తోందన్నమాట, వెంటనే చెప్పాలి.

నీళ్లు తాగుతుంటే పొలమారడం, తాగిన తరువాత గొంతు గురగురమనడం, కారణం తెలియని జ్వరం రావడం, ఇవన్నీ ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారుతోందనడానికి గుర్తులు. అటువంటప్పుడు నీళ్ల కన్నా కొద్దిగా చిక్కని జావ సురక్షితం కావచ్చు, కానీ ఆ నిర్ణయం థెరపిస్ట్ చూసి చేయవలసిందే.

ఎనిమిదో అంచె: ట్యూబ్ వేయవలసి వస్తే

ముక్కు నుంచి కడుపులోకి వేసే ట్యూబ్ గాని, పొట్ట మీద నుంచి నేరుగా పెట్టే ట్యూబ్ గాని ఓటమికి గుర్తు కాదు. బరువు పూర్తిగా పడిపోకముందే వేయించుకున్నవారు త్వరగా తేరుకుంటారు. ఆహారం పోసే ముందు ముక్కు దగ్గర ట్యూబ్ మీది గుర్తు మారలేదని చూడాలి. రోగిని కూర్చోబెట్టి గాని, తల వైపు బాగా ఎత్తుగా ఉంచి గాని మాత్రమే పోయాలి. వడకట్టిన గోరువెచ్చని ఆహారాన్ని ఒకసారికి 200 నుంచి 250 మిల్లీలీటర్ల చొప్పున, సిరంజిని పైకెత్తి దానంతట అదే దిగేలా పోయాలి, తోయకూడదు. ముందు, తరువాత 30 నుంచి 50 మిల్లీలీటర్ల మంచినీళ్లు పోసి ట్యూబ్ కడగాలి. తరువాత గంటసేపు పడుకోబెట్టకూడదు. దగ్గు వస్తే వెంటనే ఆపాలి. ట్యూబ్ ఊడివస్తే ఇంట్లో తిరిగి పెట్టే ప్రయత్నం చేయకూడదు. కొన్ని మాత్రలను నూరకూడదు, ఏవేవో అడిగి రాసుకోండి.

అక్టోబరు, నవంబరు నెలల్లో చికిత్స ఉంటే తుపానుకు కూడా సిద్ధంగా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. మిక్సీ లేకుండా పోయగల పొడి ఆహారం, వారానికి సరిపడా మందులు, కాచిన నీళ్లు ఇంట్లో ఉంచుకోండి. కఫం తీసే యంత్రం వాడేవారు కరెంటు అక్కరలేని, కాలితో తొక్కే రకం దొరుకుతుందేమో ఆసుపత్రిలో అడగండి.

తొమ్మిదో అంచె: కీమో, పరుగెత్తవలసిన సందర్భాలు

రేడియేషన్‌తో పాటు ఎక్కువగా ఇచ్చే కీమో మందు సిస్‌ప్లాటిన్. అది మూత్రపిండాలను, వినికిడిని దెబ్బతీయగలదు. నీళ్లు బాగా తాగాలి లేదా ట్యూబ్‌లో పోయాలి, చెవిలో హోరు వస్తే చెప్పాలి, మందుల దుకాణంలో సొంతంగా కొనే నొప్పి మాత్రలు వేయకూడదు. పసరు మందులు, నాటు మందులు వాడుతుంటే దాచకుండా చెప్పాలి.

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారే వరకు ఆగకూడదు. తెల్లకణాలు తగ్గిన వేళ జ్వరం ప్రాణాంతకం కావచ్చు. ఊపిరి పీల్చేటప్పుడు ఈలవంటి శబ్దం రావడం, నోటి నుంచి గాని మెడ నుంచి గాని రక్తం పడడం, రోజంతా నీళ్లు కూడా దిగకపోవడం, మూత్రం బాగా తగ్గడం, మగతగా ఉండడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి.

పదో అంచె: స్వరపేటిక తీసివేస్తే

అప్పటి నుంచి ఊపిరి మెడ మీది రంధ్రం గుండానే ఆడుతుంది, ముక్కుతో ఆడదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ, ఇరుగుపొరుగుకూ తెలియాలి. ఎందుకంటే స్పృహ తప్పినప్పుడు గాలి అందించవలసింది మెడ దగ్గరే. రంధ్రం మీద పలుచని తడి గుడ్డ గాని, ఆసుపత్రిలో ఇచ్చే ఫిల్టరు గాని ఉండాలి. గాజువాక వైపు దుమ్ములో అది మరీ అవసరం. స్నానం చేసేటప్పుడు నీళ్లు పైకి పడకూడదు, కార్తీక మాసమైనా సముద్ర స్నానం ఇక లేదు. మాట్లాడడానికి చిన్న వాల్వు, మెడకు ఆనించే యంత్రం, అన్నవాహికతో మాట్లాడడం అని మూడు దారులున్నాయి. ఏది సరిపోతుందో నేర్చుకునేదాకా పలక, బలపం చేతికి అందుబాటులో ఉంచండి. పరామర్శకు వచ్చినవారు పది మాటలు అడిగి తొందరపెట్టకుండా, రాసేదాకా ఆగేలా ఇంటివారే చూడాలి.

తోడుండేవారికి

ఒక్కరే మోయలేరు. రోజూ వెంట వెళ్లేవారు, వంట చేసేవారు, కాగితాలు చూసేవారు వేరువేరుగా ఉంటే మంచిది. రాత్రి పూట ఒకరు మార్చి ఒకరు మేలుకోవాలి. రోగికి గాని, మీకు గాని నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ సంఖ్య 14416కు ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ముగిసిన తరువాత

ఆఖరి రేడియేషన్ తరువాతి రెండు వారాలకు మనుషులను, సెలవులను, మందులను ముందే సిద్ధం చేసుకోండి. నోటిపూత చాలామందికి నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది. రుచి నెలల మీద వస్తుంది, లాలాజలం ఇంకా నెమ్మదిగా, కొందరికి పూర్తిగా కాకుండా వస్తుంది. నీళ్ల సీసా జేబులో ఉండవలసిందే. చికిత్స ఫలితం తెలియడానికి పెట్ స్కాన్ తీసేటట్టయితే సాధారణంగా 12 వారాల తరువాతే తీస్తారు. అంతకు ముందు తీస్తే వాపును చూసి క్యాన్సర్ అని పొరబడవచ్చు, కనుక తొందరపెట్టకండి. మెడకు రేడియేషన్ తీసుకున్నవారికి థైరాయిడ్ తగ్గడం చాలా మామూలు కాబట్టి ఆరు నుంచి పన్నెండు నెలలకొకసారి థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించాలి. బద్ధకం, చలి, బరువు పెరగడం వంటివి వయసు వల్లనే అని కొట్టివేయకూడదు. మొదటి సంవత్సరం ఒకటి నుంచి మూడు నెలలకొకసారి, రెండో సంవత్సరం మరికాస్త ఎడంగా, ఐదేళ్ల వరకు పరీక్షలకు వెళ్లాలి. కొత్తగా బొంగురు పోవడం, చెవిపోటు, మెడలో గడ్డ, మింగుడు మళ్లీ కష్టం కావడం కనిపిస్తే తరువాతి తేదీ దాకా ఆగకుండా అదే వారంలో చూపించుకోవాలి. ఎన్నేళ్లయినా సరే, పన్ను పీకే డాక్టరు ఎవరైనా ముందుగా రేడియేషన్ ఫైలు చూడాలి. ఆ ఫైలును ఇంట్లో ముఖ్యమైన కాగితాలు దాచే చోటే భద్రపరచండి.